అపార్ట్‌మెంట్ కంపోస్టు తొట్లు, మేడ తోట: సింగ్‌నగర్‌లో మూడేళ్ళకు పైగా వాడాక

కంపోస్టు తొట్టి ఏది కొనమంటారని అడిగేవాళ్ళను ముందు నేనొక మాట అడుగుతాను: ఎండుటాకులు ఎక్కడ దాస్తారు? ఆ చోటంటూ ఉంటే ఏ తొట్టయినా పనిచేస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైనది తెచ్చినా మామిడిపళ్ళ రోజులొచ్చేసరికి మెట్ల దాకా కంపు కొడుతుంది. విజయవాడ సింగ్‌నగర్ వైపు ఉన్న మా అపార్ట్‌మెంట్‌లో 2022 నుంచి తడి చెత్తను గేటు దాటనివ్వడం లేదు. దాన్ని ఎరువు చేసి మేడ మీద కూరగాయలు పండించుకుంటున్నాం. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్ళు వచ్చి చూసి వెళ్తుంటారు కాబట్టి, ఇన్నాళ్ళ వాడకంలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను.

మూడు రకాలూ వాడాం. ఒకదానిమీద ఒకటి పెట్టే మట్టి కుండలు ఒక కుటుంబానికి బాగానే సరిపోతాయి. కానీ కుప్ప చిన్నది కావడంతో లోపల వేడి పుట్టదు. అందుకే ఆ ఎరువు వేసిన చోటల్లా టమాటా, గుమ్మడి మొలకలు లేస్తుంటాయి. కింద కుళాయి ఉండే ప్లాస్టిక్ డ్రమ్ములకు గాలి చాలదు. అడుగున నీరు చేరి పుల్లటి వాసన వస్తుంది. చివరికి నిలిచినవి ఇటుక తొట్లు. సిమెంటుతో పూర్తిగా మూసెయ్యకుండా, ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులు వదిలి కట్టించినవి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులు. అంతకన్నా చిన్నదైతే కుప్ప తన వేడిని తాను నిలుపుకోలేదు. ఈ కొలతలో తొట్టి నిండాక ఇనుప చువ్వ గుచ్చి, కాసేపుంచి తీస్తే చేత్తో పట్టుకోలేం. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు చస్తాయి. నాలుగు తొట్లుంటే ఒకటి నిండుతుంటుంది, మిగతావి మాగుతుంటాయి. పైన రేకు తప్పనిసరి. వాన నేరుగా పడితే అంతా బురదే.

ఇక ఆకుల సంగతి. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. కుప్ప సరిగ్గా చివకాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ళ కర్బనం ఉండాలి. దాన్ని కొలవక్కర్లేదు, ఒక బకెట్ తడి చెత్తకు కనీసం ఒక బకెట్ నలిపిన ఎండుటాకులు వేస్తే చాలు. చిక్కంతా ఏమిటంటే చెత్త ఏడాది పొడుగునా వస్తుంది, ఆకు మాత్రం మాఘ, ఫాల్గుణాల్లోనే రాలుతుంది. వేప, కానుగ, రావి, బాదం అన్నీ దాదాపు ఒకేసారి. ఆ రెండు నెలల్లో ఏడాదికి సరిపడా గోనెసంచుల్లో కుక్కి దాచుకోవాలి. మాకు మేడ మీద మెట్లగది నిండా ఆకు మూటలే. అన్నిటికన్నా మంచిది నిద్రగన్నేరు ఆకు. చిన్నచిన్న రెక్కలు, నలపక్కర్లేదు, త్వరగా చివుకుతుంది. బాదం ఆకు మాత్రం నలిపి తీరాలి, లేకపోతే తడిసి అట్టలు కట్టి గాలిని ఆపేస్తుంది. మూటలు చాలకపోతే కొబ్బరి పొట్టు కొనుక్కోవచ్చు, కానీ అది డబ్బుతో పని.

ఈ ఆకునే మా వీధిలో ఊడ్చి మూలకు చేర్చి తగలబెట్టేవాళ్ళు. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం చెత్తను ఆరుబయట కాల్చకూడదు. చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. అవతల సందులో పొగ, ఇవతల మేం ఆకు కోసం వెతుకులాట. ఊడ్చేవాళ్ళతో మాట్లాడి, ఖాళీ సంచులు ముందే ఇచ్చి, మూటకు ఇంతని ముట్టజెప్పాక మా రెండు వీధుల్లో ఆ మంటలు ఆగాయి. మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు మంచి నెల మాఘమే. ఆకు దొరుకుతుంది, వాన ఉండదు, మామిడి ఇంకా రాదు.

ఎందుకంటే అసలు పరీక్ష మామిడిదే. వైశాఖం వచ్చిందంటే బంగినపల్లి తొక్కలు, నూజివీడు రసాల టెంకలు, ఆవకాయ కొట్టిన రోజున జీడి, అన్నీ ఒక్కసారిగా దిగుతాయి. తీపి ఎక్కువైతే కుప్ప పులుస్తుంది, చిన్న ఈగలు ముసురుతాయి. ఆ నెలల్లో ఆకు రెండింతలు వేస్తాం, వారానికి రెండుసార్లు తిరగేస్తాం. టెంకలు వేరే సంచిలో ఎండబెట్టి, పెద్ద కుండీల అడుగున నీరు జారడానికి పరుస్తాం. తాటిముంజెల డొక్కలు, కొబ్బరి చిప్పలు తొట్టిలోకి రానే కూడదు. తెల్లగా బొద్దుగా పురుగులు కనిపిస్తే మాత్రం హడలిపోనక్కర్లేదు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఒక రకం ఈగ లార్వాలు. మిగిలిన అన్నాన్ని వాటిలా తినేసేది ఇంకోటి లేదు, ఇళ్ళలోకీ రావు. మాంసం, చేపలు, రొయ్య పొట్టు మేం వెయ్యం. పందికొక్కులు వస్తాయి.

తడి, పొడి చెత్త వేరు చెయ్యడంలో ఇళ్ళన్నీ కుదురుకున్నాయి గానీ మూడు వస్తువులు ఇప్పటికీ ఎరువు జల్లించేటప్పుడు దొరుకుతుంటాయి: పాలప్యాకెట్ కత్తిరించిన మూల ముక్క, పూలదండల నైలాన్ దారం, పళ్ళమీది స్టిక్కరు. శ్రావణం నోముల తర్వాతా, దసరా నవరాత్రులప్పుడూ దారాలు మరీ ఎక్కువ. మూడో అంతస్తు పిన్నిగారు లిఫ్టు దగ్గర దారాలకని ఒక డబ్బా పెట్టించాక సగానికి సగం తగ్గాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా తొట్లు కూడా మునిగాయి. కరెంటు లేదు, కిందికి దిగే దారి లేదు. డ్రోన్లతో ఆహారం జారవిడిచిన రోజులవి. మేడ మీది బచ్చలి, తోటకూర, కరివేపాకు అందరి గిన్నెల్లోకీ వెళ్ళాయి. కడుపు నిండా కాకపోయినా ఉత్త అన్నం తినే పిల్లలకు ఒక పప్పుకూర అయింది. అందుకే ఆ తోటను సరదా పని అంటే నేను ఒప్పుకోను. నీళ్ళు తీశాక తొట్లలోని ఎరువును కూరలకు వాడలేదు. మురుగు కలిసిన నీళ్ళు అందులో నిలిచాయి కదా. దాన్నంతా వీధి చెట్ల మొదళ్ళకు వేసి, తొట్లు కడిగి ఎండబెట్టి మళ్ళీ మొదలుపెట్టాం. ఆకు మూటలు, విత్తనాలు మేడ మీదే ఉండబట్టి ఆలస్యం కాలేదు. లోతట్టు కాలనీల వాళ్ళు మూటలు, విత్తనాలు కింద పెట్టుకోకండి.

తోట విషయంలో ఆశలు సరిగ్గా పెట్టుకోవాలి. ఆకుకూరలు, పచ్చిమిర్చి, వంగ, పందిరిమీద సొర, బీర బాగా వస్తాయి. గోంగూర అయితే అడగకుండానే ఇస్తుంది. టమాటా, కొత్తిమీర చలికాలపు పంటలే, ఎండలు ముదిరితే టమాటా పూత రాలిపోతుంది. మార్చి నుంచి యాభై శాతం నీడవల కట్టి, రెండు పూటలా నీళ్ళు పొయ్యాలి. అప్పుడు కూడా రోహిణి కార్తెలో బెండ, బచ్చలి, గోంగూర తప్ప మరేమీ నిలవవు. మా కూరగాయల అవసరం ఇది తీర్చదు, రైతుబజారుకు వెళ్తూనే ఉన్నాం. ఎరువు ఒక్కటే నింపితే మొక్కలు నిలదొక్కుకోవు. ఎర్రమట్టి ఎక్కువ భాగం, ఎరువు మూడో వంతు, కాస్త కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలుపుతాం. సగం మాగిన ఎరువు వేస్తే లేత మొక్కల వేళ్ళు మాడతాయి. చేతిలో పిడికిలి పట్టి వాసన చూస్తే తొలకరి మట్టి వాసన రావాలి. పిండినల్లి పురుగుకు వేపనూనె సాయంత్రం పూటే కొట్టాలి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. బరువు మరిచిపోకండి: తడిసిన మట్టి ఘనపు మీటరు టన్నున్నరకు పైనే తూగుతుంది. పెద్ద కుండీలు దూలాల మీదుగానే ఉండాలి, కట్టేముందు ఇంజనీరుకు చూపించండి.

ఇన్నేళ్ళూ ఇది నడిచిందంటే మా వాచ్‌మన్ వల్లే. కుప్ప ఎండిందో తడిసిందో మాకంటే ముందు అతనే పసిగడతాడు. "అమ్మగారూ, ఆకు మూటలు రెండే ఉన్నాయి, వానలు దగ్గరపడ్డాయి" అని హెచ్చరించేదీ అతనే. ఇది వాచ్‌మన్ పని కాదు, వేరే పని. దానికి వేరే జీతం, చేతి తొడుగులు, గమ్‌బూట్లు, పొడుగు పిడి ఉన్న పార ఇవ్వాలని అసోసియేషన్ మీటింగులో గట్టిగా పట్టుబట్టాను, తీర్మానం రాయించాం. అతను ఊరెళ్ళిన వారాల్లో ఫ్లాట్ల వారీగా వంతులు వేసుకుని మేమే తిరగేస్తాం. నెలనెలా ఖర్చులో పెద్ద వాటా ఆ జీతమే. ఇంటికి వందా నూటయాభై మధ్య పడుతుంది. అది ఇవ్వడానికి ఇళ్ళన్నీ ఒప్పుకోకముందే తొట్లు కట్టించకండి.