ఊపిరితిత్తిలో గడ్డ: కఫమా, బ్రాంకోస్కోపీయా, సూదా?

"పెట్ స్కాన్‌లో గడ్డ వెలిగింది సార్, క్యాన్సరేనా?" ఫిల్ములు పట్టుకొచ్చి ఎక్కువమంది అడిగేది ఇదే. టీబీకి దాయాదులైన ఎన్‌టీఎం బ్యాక్టీరియా పట్టిన గడ్డ కూడా అలాగే వెలుగుతుంది. ఈ తగువు తీర్చడం పెట్ వల్ల కాదు.

కఫం పరీక్షకు నొప్పి లేదు, ఖర్చూ తక్కువ. మైక్రోస్కోప్‌లో టీబీ కుటుంబపు బ్యాక్టీరియా కనబడి (ఏఎఫ్‌బీ పాజిటివ్), టీబీ జన్యువును వెతికే జీన్ ఎక్స్‌పర్ట్‌లో టీబీ లేదంటే ఎన్‌టీఎంని అనుమానించాల్సిందే. కానీ ఇవి కుళాయి నీళ్లలో, మట్టిలో ఉండేవే కాబట్టి ఒక్క కఫం కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, పెరిగితే లెక్కలోకి రాదు. వేర్వేరుగా ఇచ్చిన రెండు శాంపిల్స్‌లో పెరగాలి. కల్చర్ నెగెటివ్ అనడానికి ఆరు వారాలు పడుతుంది. లోపల ఉన్నది క్యాన్సరైతే అన్నాళ్లు ఆగగలమా?

బ్రాంకోస్కోపీలో, అంటే శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపి, కడిగి తీసిన నీళ్లలో ఒక్కసారి పెరిగినా చాలు. రెండు వైపులా చిన్న చిన్న మచ్చలు, వెడల్పైన శ్వాసనాళాలు ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. అంచున ఒంటరిగా ఉన్న గడ్డ దగ్గరికి మాత్రం మామూలు స్కోప్ వెళ్లదు. పైగా నీళ్లలో బ్యాక్టీరియా దొరికినంత మాత్రాన గడ్డలో క్యాన్సర్ లేదని కాదు.

అందుకే ఒంటరి గడ్డకు నేను సీటీ చూస్తూ సూదితో చేసే బయాప్సీ వైపే మొగ్గుతాను. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, కఫంలో రక్తం పడటం లాంటి రిస్కులున్నాయి, నిజమే. నాకు వాటికన్నా సీసా గురించే టెన్షన్.

ఆ మధ్య ఒకావిడ వేరేచోట బయాప్సీ చేయించుకుని వచ్చారు. తీసిన ముక్కలన్నీ ఫార్మలిన్‌లోనే (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం) వేశారు. రిపోర్టులో 'గ్రాన్యులోమా (టీబీలోనూ, ఎన్‌టీఎంలోనూ కనిపించే వాపు కణాల ముద్ద) ఉంది, క్యాన్సర్ కణాలు లేవు' అని వచ్చింది. టీబీ మందులు మొదలుపెట్టారు. నాలుగు నెలలైనా గడ్డ తగ్గలేదు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కలో బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఇక కల్చర్ ఎక్కడిది? పాపం, మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఈసారి ఒక ముక్క సెలైన్‌లో వేసి పంపితే ఎన్‌టీఎంలోనే ఒక రకమైన ఎంఏసీ పెరిగింది. మందులు మారాయి.

సూది కూడా తేల్చకపోతే ఆపరేషన్ చేసి గడ్డ తీసేయడం ఉండనే ఉంది.

బయాప్సీ రోజున "ఒక ముక్క సెలైన్‌లో వేస్తున్నారా?" అని అడగండి. ఫారం మీద 'మైకోబ్యాక్టీరియా (టీబీ, ఎన్‌టీఎంల కుటుంబం) కల్చర్' అని రాశారో లేదో కూడా చూడండి. ఉత్త 'కల్చర్' అని ఉంటే ల్యాబ్ వాళ్లు కొద్దిరోజులు చూసి ప్లేటు పారేస్తారు.