కాగితం మీద 1971, తలుపు మీద 1970 నవంబరు: డాట్సన్ 240జెడ్‌తో నా అనుభవం

పాత డాట్సన్ 240జెడ్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా బానెట్ ఎత్తి చూస్తారు. నన్నడిగితే ముందు డ్రైవరు వైపు తలుపు తెరవాలి. తలుపు వచ్చి మూసుకునే స్తంభం మీద చిన్న రేకు పలక ఉంటుంది. బండి ఏ నెలలో, ఏ సంవత్సరంలో తయారైందో దాని మీద కొట్టి ఉంటుంది. నా బండి పలక మీద 11/70 అని ఉంది. బండి ఎవరిదో తెలిపే టైటిల్ కాగితంలో మాత్రం 1971. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఈ బండిని పదేళ్లకు పైగా నడుపుతున్నాను. ఈ రెండు అంకెల్లో ఏది నిజమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఎదురవుతూనే ఉంటారు. రెండూ నిజమే. ఏ పనికి ఏది చూడాలో తెలియకపోతేనే డబ్బూ కాలమూ వృథా.

నిస్సాన్ సంస్థ డాట్సన్ పేరుతో అమ్మిన ఈ కారును జపాన్‌లోని హిరాట్సుకా కర్మాగారంలో 1969 అక్టోబరులో తయారు చేయడం మొదలుపెట్టింది. దీన్ని అమెరికాకు తెచ్చి నిలబెట్టిన మనిషి అక్కడి నిస్సాన్ అధినేత యుటాకా కటయామా. ధర 3,526 డాలర్లు. ఆరు సిలిండర్ల ఇంజిన్, నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న స్పోర్ట్స్ కారు ఆ ధరకు దొరకడం అప్పట్లో ఎవరూ ఊహించనిది. దాంతో జనం వరుస కట్టారు, డీలర్ల దగ్గర నెలల తరబడి నిరీక్షణ. హిరాట్సుకాలో తయారైన బండి ఓడెక్కి, సముద్రం దాటి, డీలరు చేతికి వచ్చి, కొన్నవాడి పేరు మీద కాగితం పుట్టేసరికి క్యాలెండరు మారిపోయేది. పైగా ఈ కారు చాసిస్ నంబరులో మోడల్ సంవత్సరాన్ని తెలిపే అక్షరమే లేదు. హెచ్‌ఎల్‌ఎస్30 అని మొదలై, ఆ తర్వాత వరుస సంఖ్య, అంతే. పదో స్థానంలో సంవత్సరం తెలిపే అక్షరంతో 17 అక్షరాల నంబరు అందరికీ తప్పనిసరి అయింది 1981 మోడల్ నుంచే. అందుకే ఆ రోజుల్లో కొన్ని రాష్ట్రాల్లో బండి అమ్ముడైన సంవత్సరాన్నే మోడల్ సంవత్సరంగా రాసేసుకున్నారు.

ఇక్కడ అమెరికా చట్టం సంగతి చెప్పాలి. చాలామంది యజమానులు పట్టించుకోరు గానీ గందరగోళానికి మూలం అక్కడే ఉంది. భద్రతా ప్రమాణాలు తయారీ తేదీని బట్టి వర్తిస్తాయి. తలుపు పలక మీద ఉన్న వాక్యం కూడా అదే చెబుతుంది: ఈ వాహనం పైన చూపిన తయారీ తేదీ నాటికి అమలులో ఉన్న భద్రతా ప్రమాణాలకు లోబడి ఉంది అని. ఉదాహరణకు, గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దుకున్నా తట్టుకోవాలన్న బంపర్ల నియమం 1972 సెప్టెంబరు 1న, ఆ తర్వాత తయారైన కార్లకు వచ్చింది. ఆగస్టు చివర్లో తయారైన కారుకు ఆ బాధ లేదు. పొగ నియమాలు అలా కాదు, అవి మోడల్ సంవత్సరాన్ని బట్టి నడుస్తాయి. పెట్రోలు ఆవిరిని బయటికి పోనివ్వకుండా పట్టే ఏర్పాటు కాలిఫోర్నియాలో 1970 మోడల్ నుంచి, దేశమంతటా 1971 మోడల్ నుంచి తప్పనిసరి అయింది. ఏ వార్షిక ఉత్పత్తి కాలంలో ఒక సంవత్సరపు జనవరి 1 పడుతుందో, ఆ కాలంలో తయారైనవన్నీ ఆ సంవత్సరపు మోడళ్లే. 1970 నవంబరులో తయారైన నా బండి 1971 మోడల్ కావడంలో వింతేమీ లేదు.

అయితే 1971 అన్న ఒక్క అంకె కింద రెండు వేర్వేరు కార్లు ఉన్నాయి. సిరీస్ 1, సిరీస్ 2 అని యజమానులు చెప్పుకునేవి ఇవే. నిస్సాన్ మార్పులు చేసింది మోడల్ సంవత్సరం మారే రోజు కాదు, తనకు వీలైన రోజు. 1971 జనవరి ప్రాంతంలో, చాసిస్ నంబరు దాదాపు 21 వేలకు చేరినప్పుడు, బండి రూపంలో కంటికి కనిపించే మార్పు వచ్చింది. అంతకు ముందువాటికి వెనక తలుపు మీద, అద్దం కింద, గాలి పోయే రెండు జాలీలు ఉంటాయి. పక్క స్తంభాల మీద 240జెడ్ అని క్రోమ్ అక్షరాలు. తర్వాతివాటిలో జాలీలు పోయి, గాలి పోయే దారి పక్క స్తంభాల మీది గుండ్రటి జెడ్ చిహ్నంలోకి మారింది. వెనక అద్దం మీద మంచు కరిగించే తీగలు మొదటివాటికి నిలువుగా, తర్వాతివాటికి అడ్డంగా ఉంటాయి. కాగితంలో ఇవన్నీ 1971లే. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం సిరీస్ 1 వైపే మొగ్గు.

ఆ జాలీలు చూడటానికి అందంగా ఉంటాయి గానీ మొదట్లో నన్ను చాలా ఇబ్బంది పెట్టినవీ అవే అనిపించింది. కిటికీలు సగం దించి హైవే మీద వెళ్తే పొగ వాసన లోపలికి వచ్చేది, గంట ప్రయాణానికే తలనొప్పి. పాత యజమానులందరూ జాలీల మీదే నేరం మోపుతారు. కొంత నిజమే. నా బండి విషయంలో అసలు దోషి వెనక లైట్ల వెనకుండే రబ్బరు పట్టీలు. యాభై ఏళ్లకు అవి బిస్కెట్లలా విరిగిపోయాయి. పట్టీలు, వెనక తలుపు చుట్టూ ఉండే రబ్బరు, వెనక ప్యానెల్‌లోని మూతలు మార్చాక వాసన దాదాపు పోయింది. దీనితో పాటు ట్యాంకు దగ్గరి పెట్రోలు ఆవిరి గొట్టాలు కూడా మార్చించాలి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది.

నడక గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు. 2,393 సీసీ ఎల్24 ఇంజిన్, అప్పటి లెక్కలో 151 హార్స్‌పవర్, బండి బరువు వెయ్యి కిలోల పైచిలుకు. నైల్స్ కాన్యన్ రోడ్డు మీద మూడో గేరులో పెట్టి వంపుల వెంట పోతుంటే స్టీరింగ్ చేతికి రోడ్డునంతా చెబుతుంది. పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి, రోడ్డెక్కాక ఆ బరువు గుర్తే ఉండదు. స్కైలైన్ బూలెవార్డ్ మీద ఆదివారం ఉదయం ఈ ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు దాటి పలికే పలుకు కోసమే నేను మిగతా కష్టాలన్నీ భరిస్తున్నాను. హైవే మీద అంత సుఖం లేదు. నాలుగే గేర్లు కావడంతో గంటకు 70 మైళ్ల దగ్గర ఇంజిన్ 3,200 ప్రాంతంలో తిరుగుతూ ఉంటుంది. చాలామంది తర్వాతి కార్ల ఐదు గేర్ల పెట్టె తెచ్చి బిగిస్తారు, నాకు ఇష్టం లేదు. లీటరుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు వస్తుంది. ఏసీ లేదు.

ఇంజిన్ నమ్మకమైనది. వాల్వు క్లియరెన్స్ వేడి మీద ఇన్‌టేక్‌కు 0.25, ఎగ్జాస్టుకు 0.30 మిల్లీమీటర్లు సరిచూసుకుంటూ, ఆయిల్ మారుస్తూ ఉంటే చాలు. నా సిలిండర్ హెడ్ మీద ఈ31 అని పోతపోసి ఉంది. కంప్రెషన్ కాస్త ఎక్కువగా ఉండే తొలి రకం ఇది, అందుకే ఇక్కడ దొరికే 91 ఆక్టేన్ పెట్రోలే పోస్తాను. జంట కార్బ్యురేటర్లు ఎస్‌యూ తరహావి. ఒకసారి రెండింటికీ గాలి సమంగా సరిచేస్తే చాలాకాలం అలాగే నిలుస్తాయి. వాటి బాధల్లా ఎండాకాలంలోనే. ఎగ్జాస్టు గొట్టాలు సరిగ్గా వాటి కిందే ఉంటాయి. మధ్యాహ్నం బంకులో ఐదు నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్రోలు మరిగిపోయి ఇంజిన్ దగ్గుతుంది. మధ్యలో వేడి ఆపే రేకు, గొట్టాలకు తొడుగు వేయించాక చాలావరకు తగ్గింది.

విడిభాగాల దగ్గరే తయారీ నెల అక్షరాలా అక్కరకు వస్తుంది. మామూలు దుకాణంలో కంప్యూటర్ సంవత్సరం అడుగుతుంది, 1971 అని కొడితే ఒక భాగం చూపిస్తుంది. ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే అడ్డకడ్డీని, మస్టాష్ బార్ అంటారు, ఒకచోట ఆర్డరు పెడితే వంపు తిరిగినది వచ్చింది. నా బండికి కావలసింది వంపు లేకుండా తిన్నగా ఉండేది. కారణం ఏమిటంటే, యాక్సిళ్లు ఏటవాలుగా పనిచేయడం తగ్గించడానికి 1971 మధ్యలో నిస్సాన్ డిఫరెన్షియల్‌ను 35 మిల్లీమీటర్లు వెనక్కి జరిపింది. దుకాణం వాడిది పూర్తిగా తప్పనలేం, వాడి జాబితాలో నెల అన్న గడే లేదు. అప్పటి నుంచి డాట్సన్‌లు మాత్రమే తెలిసిన దుకాణాలకు ఫోను చేసి, సంవత్సరం చెప్పకుండా పలక మీది నెల, చాసిస్ నంబరు చదువుతాను. భాగం సరిగ్గా వస్తుంది.

కరెంటు పని అంత గొప్పగా చేయలేదని ఒప్పుకోవాలి. హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న స్విచ్ గుండానే పోతుంది, మధ్యలో స్విచ్ బదులు ఆ భారం మోసే రిలే లేదు. ఫ్యూజు పెట్టె వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన బండ్లు చాలా చూశాను. రిలేలు పెట్టించడం కొన్న వారంలోనే చేయాల్సిన పని. తుప్పు విషయంలో బ్యాటరీ కింది పళ్లెం, నేల కింది పొడుగు రైళ్లు, తలుపుల వెనక కింది మూలలు, వెనక తలుపు గడప, ఈ నాలుగూ చూడనిదే బేరం మాట్లాడకూడదు. కాలిఫోర్నియా బండి కాబట్టి నాది బతికిపోయింది.

తయారీ నెలకు ఇంత విలువ ఉండటంతో మోసానికీ దారి ఏర్పడింది. 2020 జనవరిలో 1971 మోడల్ 240జెడ్ ఒకటి ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లకు అమ్ముడైంది. అలాంటి ధరలు చూశాక ఎవరికైనా ఆశ పుడుతుంది. తలుపు పలకలు కొత్తగా చేయించినవీ దొరుకుతాయి, జాలీలున్న వెనక తలుపును తర్వాతి బండికి తగిలించడమూ కష్టం కాదు. అందుకని పలక ఒక్కదాన్నే నమ్మకూడదు. ఇంజిన్ వెనక గోడ మీద కొట్టిన చాసిస్ నంబరు, డ్యాష్‌బోర్డు మీది నంబరు, బానెట్ కింది పలక మీది ఇంజిన్ నంబరు, బ్లాకు మీది నంబరు కలిసి రావాలి. నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చినవి సీటు బెల్టులు. బెల్టు కుట్టు దగ్గర మాసిన తెల్ల గుడ్డ ముక్క ఉంది. భూతద్దం పెట్టి చూస్తే దాని మీద 1970 అక్టోబరు. నవంబరు బండికి అక్టోబరు బెల్టు. సీట్ల కింద దుమ్ములో పడి ఉండే ఆ గుడ్డ ముక్కను మార్చాలని ఎవరికీ తోచదు.

గుంటూరు నుంచి వచ్చి శాన్ హోసేలో స్థిరపడిన మా మిత్రుడు నా బండి చూసి ముచ్చటపడి, ఇదే వరుసలో తర్వాత వచ్చిన 280జెడ్ వెతకడం మొదలుపెట్టాడు. ఒకాయన ‘1975 బండి, పొగ పరీక్ష అక్కర్లేదు’ అని ప్రకటన ఇచ్చాడు. తలుపు పలక మీద 10/75 ఉన్న మాట నిజం. కానీ కాలిఫోర్నియాలో పొగ పరీక్ష నుంచి మినహాయింపు 1975, అంతకు ముందు మోడళ్లకే, లెక్క మోడల్ సంవత్సరానిదే. బానెట్ కింది పొగ నియంత్రణ లేబుల్ మీద 1976 మోడల్ అని స్పష్టంగా ఉంది. కొంటే రెండేళ్లకోసారి పరీక్ష తప్పదు, పాత ఇంధన ఇంజెక్షన్‌తో అది నెగ్గడం తలనొప్పి వ్యవహారం. మిత్రుడు వదిలేశాడు. కొన్ని నెలల తర్వాత 1975 మోడలే దొరికింది. పరీక్ష లేదు కదా అని పొగ పరికరాలు పీకేయడానికి చట్టం ఒప్పుకోదన్నది కూడా అతనికి చెప్పాను.

విదేశం నుంచి పాత బండి అమెరికాకు దిగుమతి చేసుకునేవాళ్లకు లెక్క మళ్లీ తిరగబడుతుంది. భద్రతా నియమాల నుంచి 25 ఏళ్ల మినహాయింపు తయారీ నెల నుంచే లెక్కిస్తారు. 1999 మేలో తయారైన నిస్సాన్ స్కైలైన్ కారు 2024 మేకు ముందు రాకూడదు, మోడల్ ఏదైనా సరే. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలో యాభై ఏళ్లను మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కిస్తారు, అది మూడో తేదీ. ఫోర్డ్ మస్టాంగ్‌ల సంగతి చూడండి. 1964 మార్చి 9న తయారీ మొదలైంది, కాగితాల్లో అన్నీ 1965లే. వేసవి వరకూ వచ్చినవాటిలో జనరేటర్, ఆ తర్వాతివాటిలో ఆల్టర్నేటర్. 1965 మస్టాంగ్ అని ఛార్జింగ్ భాగం అడిగినవాడు ఏది ఇంటికి తెచ్చుకుంటాడో చెప్పలేం.

240జెడ్ కొనేవాళ్లకు నా సలహా సూటిగానే ఉంటుంది. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కొనకండి, వారాంతాల్లో కొండ రోడ్ల కోసం కొనండి. సిరీస్ 1 కోసం అదనంగా డబ్బు పెట్టాల్సిన అవసరం, దాన్ని తొలి రూపంలోనే ఉంచాలనుకునేవాళ్లకే ఉంది. నడిపి ఆనందించడమే ముఖ్యమైతే 1971 రెండో సగంలో తయారైనది చూడండి. డిఫరెన్షియల్ వెనక్కి జరిగింది, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, ధర కూడా దిగి ఉంటుంది. ప్రకటనలో 1971 అని మాత్రమే రాసి ఉంటే తలుపు పలక, ఇంజిన్ వెనక గోడ నంబరు, సీటు బెల్టు గుడ్డ ముక్క, ఈ మూడింటి ఫొటోలు అడగండి. అమ్మేవాడు పంపడానికి తటపటాయిస్తే అంత దూరం పెట్రోలు తగలేసుకుని వెళ్లకండి.