కృష్ణానగర్‌లో ‘పాత సినిమా లుక్’: మొదటిసారి వాన, రెండోసారి సినిమా

నాన్న షష్టిపూర్తి వీడియోని పాత రీలు సినిమాలా చేయించాలని నా సరదా. ఆయన హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక థియేటర్లో ఇరవై ఏళ్లు ఆపరేటర్‌గా చేశారు. ఫోన్‌లో తీసిన ఫుటేజీ పట్టుకెళ్లి కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో ఉన్న ఒక ఎడిటింగ్ షాపులో ఇచ్చాను. 12 నిమిషాల వీడియోకి 3,500 తీసుకున్నారు. షాపు పేరు రాయను, సగం తిట్టబోతున్నాను కాబట్టి.

మొదటి వెర్షన్ ఘోరం. మొత్తం గోధుమరంగు పూత, దుమ్ము, వాన పడ్డట్టు అడ్డదిడ్డంగా గీతలు, పైగా కిర్రుమంటూ ప్రొజెక్టర్ చప్పుడు. నాన్న రెండు నిమిషాలు చూసి, "ఏంట్రా, రీలుని గోడకేసి రుద్దారా?" అన్నారు. మర్నాడు నాతోపాటు షాపుకొచ్చి, ఎడిటర్ కుర్రాడి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"గీత నిలువుగా పడుతుంది బాబూ. రీలు కిందికి పోతుంటే ఏ ఇసుక రేణువో తగిలి, అదే చోట కాసేపు సాగుతుంది. కలర్ ప్రింటైతే ముందు ఆకుపచ్చగా కనబడుతుంది." ప్రింటులో పైపొర మెజెంటా రంగుది. అది గీసుకుపోతే తెర మీద మిగిలేది ఆకుపచ్చే. కుర్రాడు నోరెళ్లబెట్టాడు.

అతనికీ పని తెలుసు, ఒప్పుకోవాలి. మొదటిసారి రెడీమేడ్ టెంప్లేట్ వేసి వదిలించుకున్నాడంతే. ఈసారి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొడాక్ 2383 ప్రింట్ లట్ తీశాడు, అంటే ఆ ప్రింట్ ఫిల్మ్ రంగుల్ని వీడియోకి తెచ్చే రెడీమేడ్ పట్టిక. దాన్ని ఫోన్ ఫుటేజీ మీద నేరుగా వేస్తే నీడలన్నీ నల్లగా పూడుకుపోతాయి, ముందు సినియాన్ లాగ్‌లోకి, అంటే ఆ లట్‌కి సరిపడే వెలిసినట్టుండే ఫిల్మ్ స్కాన్ రూపంలోకి, మార్చుకోవాలి. రెండూ వేసి చూపించాడు. రెండోదాంట్లో అమ్మ పట్టుచీర ఎరుపు ముదిరింది కానీ, అంచు జరీ పోలేదు.

దీపాల దగ్గర ఇంకా బాగా చేశాడు. నెగెటివ్‌లోకి వెళ్లిన వెలుగు ఫిల్మ్ వెనక వైపు తగిలి తిరిగొచ్చి, అడుగునున్న ఎరుపు పొరని మళ్లీ తాకుతుంది. అందుకే పాత సినిమాల్లో మంట చుట్టూ నారింజ వలయం ఉంటుంది. మొదటి వెర్షన్‌లో నాన్న తెల్ల పంచె కూడా మెరిసిపోయింది. ఇప్పుడు ఆ వలయం ఒత్తుల చుట్టూ మాత్రమే ఉంది.

కదలిక మాత్రం కుదరలేదు. ఇందులో తప్పు నాదే. 60 ఫ్రేములతో, పట్టపగలు తీశాను. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకి దాదాపు 1/48 సెకను వెలుగు. అందువల్ల కదిలేవి కాస్త మసకగా సాగుతాయి. ఆ మసక నా ఫుటేజీలో లేదు, అందుకే అక్షింతలు వేసే చేతులు జెర్కులు కొడుతున్నాయి. మీరు చేయించుకునేట్టయితే ముందే 24లో, షట్టర్ 1/50 పెట్టి తీయండి. ఎండలో ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) తప్పదు.

ఇంకొకటి, వాట్సాప్‌లో తెప్పించుకోకండి. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనబడే సన్నని నూగు) అంతా నలిగి మరకలైపోతుంది. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. బండి పార్కింగ్ సంగతి అడక్కండి.

అయిదుకి మూడున్నర ఇస్తాను. నాన్న పక్కన లేకపోతే ఒకటే.

చివర్లో నాన్న ఒక్కటే అడిగారు: కుడివైపు పైమూలలో చుక్క, రీలు అయిపోవస్తోందని ఆపరేటర్‌కి గుర్తు. మొదటి చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు ఆన్ చేయాలి, ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క పడితే రీలు మార్చెయ్యాలి. కుర్రాడు డబ్బులడక్కుండా పెట్టాడు. నిన్న పిన్ని ఫోన్ చేసింది: "ఒరేయ్, మీ వీడియోలో ఏదో మచ్చ పడిందిరా, షాపువాడికి చెప్పి తీయించు."