రోమ్: టోటల్ వార్‌కి నా సొంత రూల్స్: ఏవి నిలిచాయి, ఏవి వదిలేశాను

2004లో వచ్చిన రోమ్: టోటల్ వార్ అనే కంప్యూటర్ యుద్ధ గేమ్‌ని గెలవడం పెద్ద కష్టం కాదు. కాస్త అలవాటు పడితే దారులన్నీ తెలిసిపోతాయి. మన దగ్గరున్న మ్యాప్ సమాచారాన్ని పక్క రాజ్యాలకు అమ్మితే వేల దినారీలు (రోమన్ నాణేలు) వస్తాయి. ఓడిన యుద్ధాన్ని రీలోడ్ చేసి మళ్లీ ఆడొచ్చు. పట్టుకున్న నగరంలో జనాన్ని ఊచకోత కోస్తే ఖజానాకి డబ్బు వస్తుంది, అల్లర్ల బెడదా తగ్గుతుంది. ఇవన్నీ వంటబట్టాక మధ్యధరా సముద్రం చుట్టూ మన రంగే కనిపిస్తుంది, ఆట మీద ఆసక్తి మాత్రం పోతుంది.

అందుకే ఇలాంటి గేమ్స్ ఎక్కువకాలం ఆడేవాళ్లు తమకు తామే నిబంధనలు పెట్టుకుంటారు. హౌస్ రూల్స్ అంటారు వాటిని. గల్లీ క్రికెట్‌లో బంతి పక్కింటి గోడ దాటితే సిక్స్ కాదు, ఔట్ అనుకుంటాం కదా, అలాంటివే. గేమ్‌లో వాటిని అమలు చేసేవాళ్లు ఎవరూ ఉండరు. కొందరు ఆట కష్టం కావడానికి పెట్టుకుంటారు. నాకు కావలసింది అది కాదు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో రోమ్‌లోనో, దాని ప్రత్యర్థి అయిన ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్‌లోనో అధికారంలో ఉన్న మనిషికి ఏ చిక్కులు ఎదురయ్యేవో అవే నాకూ ఎదురవ్వాలి. కొన్నేళ్లుగా ఈ ఒక్క కోరికతోనే ఆడుతున్నాను. ఇది ఆ రూల్స్ మీద సమీక్ష, గేమ్ మీద కాదు.

ముందు ఒక మాట. అసలు గేమ్ కంటే దాని మీద అభిమానులు కట్టిన యూరోపా బార్బరోరమ్ మాడ్ (గేమ్‌ని మార్చేసే చేర్పు) ఈ పనికి చాలా బాగా నప్పుతుంది. అసలు గేమ్‌లో రోమ్‌ని జూలియై, బ్రూటియై, స్కిపియై అని మూడు కుటుంబాలుగా ముక్కలు చేసి, సెనేట్‌ని విడిగా పెట్టారు. గ్రీకు వంశమైన టాలమీలు ఏలుతున్న ఈజిప్ట్‌కి ఫారోల కాలం నాటి వేషం వేశారు. మాడ్‌లో రోమ్ ఒక్కటే, టాలమీలు టాలమీలే. సైనికులు లాటిన్, ప్రాచీన గ్రీకు, కెల్టిక్ భాషల్లో అరుస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అసలు గేమ్‌లో ఏడాదికి రెండు టర్న్‌లు (మన వంతులు) అయితే ఇందులో నాలుగు. ఆ తేడా ఎంత పెద్దదో కాసేపట్లో చెబుతాను.

మాడ్ క్రీ.పూ. 272లో మొదలవుతుంది. రోమ్‌తో పోరాడిన ఎపిరస్ రాజు పిరస్ గ్రీసులోని ఆర్గోస్ వీధుల్లో చనిపోయిన ఏడాది, దక్షిణ ఇటలీలోని టరెంటమ్ రోమన్ల చేతికి చిక్కిన ఏడాది. మన దగ్గర అది మౌర్యుల కాలం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలు ఉన్నాయి. పదమూడో శాసనంలో అయిదుగురు గ్రీకు రాజుల పేర్లు వస్తాయి: అంతియోక, తులమాయ, అంతికిని, మక, అలికసుదర. వీళ్లలో ఈజిప్ట్ టాలమీ, మాసిడోనియా ఆంటిగోనస్, సైరీన్ మాగస్ ఆట మొదలయ్యే ఏడాదికే గద్దె మీదున్నారు. ఎపిరస్ అలెగ్జాండర్ ఆ ఏడాదే తండ్రి పిరస్ స్థానంలోకి వచ్చాడు. ఈ సంగతి తెలిశాక మొదటి టర్న్‌లో ఆ మ్యాప్ నాకు పరాయి దేశాల మ్యాప్‌లా అనిపించలేదు.

ఇక రూల్స్. మొదటిది కాన్సుల్ రూల్. కాన్సుల్ అంటే రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారి. ఇప్పటికీ దీన్ని మించింది నాకు దొరకలేదు. పూర్తిస్థాయి సైన్యాన్ని కాన్సుల్ తప్ప ఇంకెవరూ నడపకూడదు. కాన్సుల్‌లు ఏడాదికి ఇద్దరే. నాలుగు టర్న్‌లు కాగానే పదవి పోతుంది. ఒకసారి చేసినవాడికి పదేళ్ల దాకా మళ్లీ అవకాశం ఉండదు. కింది పదవులు చేయనివాడు పోటీకి అర్హుడు కాడు. క్రీ.పూ. 180లో విల్లియన్ చట్టం పదవులకు కనీస వయసులు పెట్టింది కాబట్టి ఆ ఏడాది దాటాక నేనూ వయసు చూస్తాను, అంతకుముందు చూడను. అర్హులు ఎక్కువమంది ఉంటే పాచిక వేస్తాను. పలుకుబడి ఉన్నవాడికి ఒక అంకె కలుపుతాను, అంతే. ఎన్నికలో ఎవరు గెలుస్తారో నా చేతిలో ఉండకూడదు.

కాగితం మీద ఇది చిన్న నియమం. ఆటలో మాత్రం అన్నీ తారుమారు చేస్తుంది. సిరాక్యూస్ గోడల ముందు ఒక సమర్థుడు శిబిరం వేసి కూర్చున్నాడు. లోపల ఆహారం అయిపోవడానికి ఇంకో రెండు టర్న్‌లు చాలు. చలికాలం టర్న్ ముగిసింది, అతని గడువూ ముగిసింది. పాచిక ఎన్నుకున్నదేమో యుద్ధం అంటే గిట్టని, సైనికులకు నచ్చని ఒక పెద్దమనిషిని. మామూలు ఆటలో అతన్ని ఏదో మారుమూల ఊరికి గవర్నర్‌గా పంపేసి మర్చిపోయేవాణ్ని. ఇప్పుడు ఆ ముట్టడిని అతని చేతిలో పెట్టాలి. అప్పుడు కలిగే టెన్షన్ యుద్ధంలో ఏనుగులు మీద పడ్డప్పుడు కూడా ఉండదు.

దీన్నుంచి ఇంకో సంగతి బయటపడింది, నాకు అన్నిటికంటే నచ్చినది. రాజ్యం ఇటలీ దాటేసరికి రూల్ దానంతటదే ఇరుకున పడుతుంది. రోమ్ నుంచి స్పెయిన్ చేరేలోపే కాన్సుల్ పదవీకాలంలో సగం దారిలో కరిగిపోతుంది. పదవి పొడిగించక తప్పదు. సరిగ్గా రోమన్లు చేసింది అదే. క్రీ.పూ. 326లో నియాపోలిస్ ముట్టడి మధ్యలో పబ్లిలియస్ ఫిలో గడువు తీరిపోతే, కాన్సుల్ పదవి లేకపోయినా కాన్సుల్ అధికారంతో కొనసాగమన్నారు. ప్రోకాన్సుల్ అలా పుట్టాడు. ఇది చదివి తెలుసుకోవడం వేరు, మన సైన్యం మధ్యలో ఆగిపోయి మనమే ఆ మార్గం వెతుక్కోవడం వేరు. ఆ తర్వాత ఒకే ప్రోకాన్సుల్‌కి పొడిగింపు మీద పొడిగింపు ఇస్తూ పోతే, ఏళ్ల తరబడి ఒకే సైన్యంతో ఉన్న మనిషి ఎంత బలవంతుడవుతాడో కూడా మ్యాప్ మీదే కనిపిస్తుంది. సీజర్ కథకి వేరు ఎక్కడుందో నాకు అలా అర్థమైంది.

ఒక్క మినహాయింపు పెట్టుకున్నాను. రెండు కాన్సుల్ సైన్యాలు పూర్తిగా నాశనమైతే తప్ప అర్హత లేని కుర్రాడికి సైన్యం ఇవ్వను. క్రీ.పూ. 211లో తండ్రీ, తండ్రి సోదరుడూ స్పెయిన్‌లో చనిపోయాక, సుమారు పాతికేళ్ల స్కిపియోకి (తర్వాత హన్నిబాల్‌ని ఓడించినవాడు) ఆ పెద్ద పదవులేవీ చేయకుండానే సైన్యం అప్పజెప్పారు. అలాంటి ఆపద ఉంటేనే అలాంటి వెసులుబాటు.

అసలు గేమ్‌లో ఈ రూల్ పనిచేయదు. ఏడాదికి రెండే టర్న్‌లు కాబట్టి కాన్సుల్ ఊరి పొలిమేర దాటేలోపే మాజీ అయిపోతాడు. నాలుగు టర్న్‌లు అవసరమన్నది ఇందుకే.

ముట్టడి రూల్ కూడా నిలిచింది. గోడను కొట్టే దూలం కోటని తాకకముందే లొంగిపోతే క్షమిస్తానని అడువాటుకీ తెగవాళ్లకు సీజర్ చెప్పాడు. దాన్నే తీసుకున్నాను. ఆకలికి లొంగిన నగరాన్ని కేవలం స్వాధీనం చేసుకోవాలి. దాడి చేసి పట్టుకుంటే జనాన్ని బానిసలుగా అమ్మొచ్చు. ఊచకోత మాత్రం ఒకసారి లొంగి మళ్లీ తిరగబడిన చోటే. గేమ్ లెక్కలో ఊచకోత ఎప్పుడూ లాభమే, అందుకే ఈ రూల్ ఖరీదైనది. పెద్ద గ్రీకు నగరాలు ఆకలితో లొంగుతాయి, జనం మొత్తం అలాగే ఉంటారు, వాళ్లను అదుపులో పెట్టడానికి ఒక సైన్యం అక్కడే కట్టుబడిపోతుంది. రాజ్యం నెమ్మదిగా పెరుగుతుంది. నాకు కావలసిన వేగం అదే.

యుద్ధ ప్రకటన రూల్ మీద చాలా ఆశ పెట్టుకున్నాను. రోమ్‌లో ఫెటియల్ పూజారులు ముందు శత్రువుని నష్టపరిహారం అడిగి, గడువిచ్చి, ఆ తర్వాతే సరిహద్దు దాటి ఈటె విసిరేవాళ్లు. పిరస్‌తో యుద్ధం వచ్చినప్పుడు అతని రాజ్యం సముద్రం అవతల ఉందని, పట్టుబడ్డ ఒక సైనికుడితో యుద్ధదేవత బెల్లోనా గుడి దగ్గర చిన్న స్థలం కొనిపించి, దాన్ని శత్రుభూమిగా భావించి అక్కడ ఈటె విసిరారట. ఇంత అందమైన ఆచారం గేమ్‌లో వృథా అవుతుంది. కంప్యూటర్ నడిపే ఏఐ రాజ్యాలు కారణం లేకుండానే, మిత్రులుగా ఉంటూనే మన మీద పడతాయి. ప్రతి యుద్ధమూ ధర్మయుద్ధమే అయిపోతుంది. ఏ నిర్ణయాన్నీ మార్చని రూల్ ఎందుకు? వదిలేశాను.

యుద్ధభూమిలో కెమెరాని జనరల్ దగ్గరే ఉంచాలన్న రూల్‌ని చాలామంది మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. క్రీ.పూ. 197లో సైనోసెఫలే దగ్గర పేరు కూడా తెలియని ఒక ట్రిబ్యూన్ (రోమన్ సైనికాధికారి), ఎవరూ చెప్పకుండానే ఇరవై దళాలను తిప్పి మాసిడోనియన్ల వెనక నుంచి కొట్టాడని గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. జనరల్ చూడలేని చోట చూడటానికి అక్కడ మనుషులున్నారు. గేమ్‌లో యూనిట్లు ఆజ్ఞ వచ్చేదాకా నిలబడి చస్తాయి. నా కళ్లు కట్టేసుకుంటే నా సైన్యం అసలు రోమన్ సైన్యం కంటే మొద్దుగా తయారవుతుంది. అది చరిత్రకు దగ్గర కాదు, దూరం.

కార్తేజ్‌తో ఆడేటప్పుడు రూల్స్ వేరు. విదేశాల్లో పోరాడేది ఎక్కువగా లిబియన్లు, ఐబీరియన్లు, నుమిడియన్లు, బాలియారిక్ వడిసెలవాళ్లే. పౌరుల దళాలు ఆఫ్రికా దాటకూడదు. ఖజానా సున్నా కిందికి పోతే ఈ సైన్యాలు ఉన్నచోటు నుంచి కదలకూడదు. గేమ్‌లో జీతం అందకపోయినా కిరాయి సైనికులు తిరగబడరు. చరిత్రలో క్రీ.పూ. 241 నుంచి 237 దాకా వాళ్లు కార్తేజ్‌ని దాదాపు ముంచేశారు. ఇంకో రూల్: ఓడిన జనరల్‌కి మళ్లీ ఎప్పుడూ సైన్యం లేదు. సిసిలీలోని మెస్సానా కోటను వదులుకున్నందుకు అక్కడి అధికారిని కార్తేజ్ వాళ్లు శిలువ వేశారు. ఈ రూల్ పెట్టాక నా ఆట తీరే మారింది. గెలుపు తొంభై శాతం ఖాయమనిపిస్తే తప్ప యుద్ధానికి దిగలేను. మిగిలిన పది శాతంలో నాకున్న ఒక్క మంచి జనరల్ పోతాడు. కార్తేజ్ సేనానులు అంత జంకుతూ ఎందుకు పోరాడారో పుస్తకం కంటే ఇదే బాగా చెప్పింది.

రీలోడ్ వద్దన్న రూల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది లేకపోతే మిగతావేవీ నిలబడవు.

లెక్కల రూల్స్ ఏవీ బతకలేదు. ప్రతి లీజియన్‌కీ (రోమన్ సైనిక దళం) ధాన్యం పట్టిక, ప్రతి రాష్ట్రానికీ పన్నుల చిట్టా రాసుకునేవాళ్లున్నారు, వాళ్ల ఓపికకి దండం. నాకు మాత్రం ఒక్క నోట్‌బుక్‌లో కాన్సుల్‌ల పట్టిక చాలు. రోమన్లు ఏడాదిని అంకెతో కాక ఆ ఏటి కాన్సుల్‌ల పేర్లతో గుర్తుపెట్టుకునేవాళ్లు. ఆడగా ఆడగా నాకూ అదే అలవాటైంది.

ఎవరికి పనికొస్తుందంటే, గేమ్‌ని ఇప్పటికే గెలిచి విసిగినవాళ్లకి. కొత్తవాళ్లు ముందు మామూలుగా ఆడండి. ఓపిక మాత్రం కావాలి. క్రీ.పూ. 272 నుంచి క్రీ.శ. 14 దాకా నాలుగు టర్న్‌ల లెక్కన 1100కు పైగా టర్న్‌లు, మాడ్‌లో ఏఐ టర్న్‌లు నిదానంగా సాగుతాయి. మొదటిసారి మూడు రూల్స్ మించి పెట్టుకోకండి: కాన్సుల్, ముట్టడి, రీలోడ్ లేకపోవడం. మొదటి టర్న్‌కి ముందే కాగితం మీద రాసుకోండి, క్యాంపెయిన్ మధ్యలో మార్చొద్దు.

ఇప్పుడు సిరియా నుంచి తూర్పున చాలా దూరం ఏలిన గ్రీకు వంశం సెల్యూసిడ్‌లతో మొదలుపెట్టాను. క్రీ.పూ. 222లో మీడియా (నేటి ఇరాన్‌లోని ప్రాంతం) గవర్నర్ మోలోన్ తిరగబడితే మూడో అంతియోకస్ ముందు సేనానులను పంపాడు, వాళ్లు ఓడిపోయారు. చివరికి రాజే వెళ్లి అణిచాడు. రాజు ఇంకా తూర్పున ఉండగానే అటు ఆసియా మైనర్‌లో అకేయస్ తనే రాజునన్నాడు. అందుకే రూల్ ఇలా పెట్టాను: తూర్పున తిరుగుబాటుని రాజు స్వయంగా వెళ్లే అణచాలి, పెద్ద సైన్యంతో ఎక్కువకాలం ఒంటరిగా ఉన్న గవర్నర్ పేరు మీద ఏటా పాచిక పడుతుంది. రాజు ప్రస్తుతం బాక్ట్రియా సరిహద్దులో ఉన్నాడు, టాలమీ సైన్యాలు సిరియాలోకి వచ్చేశాయి, అక్కడ వాళ్లను ఆపగలిగిన ఒకే ఒక్క గవర్నర్‌కి పాచిక ఈ చలికాలమే.