రక్తకేంద్రంలో గది ఉష్ణోగ్రత: థర్మామీటరా, డేటా లాగరా?

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెల్లగా కదిలే అరల మీద, సాధారణంగా 5 రోజులే నిలవ ఉంచుతారు. అందుకే ఆ గది వేడిని ఎలా కనిపెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఖర్చు: గోడ థర్మామీటరు వందల్లో వస్తుంది, ఉష్ణోగ్రతను వరసగా కొలిచి దాచే ఎలక్ట్రానిక్ పరికరమైన డేటా లాగరుకు వేలు కావాలి. క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిగ్గా ఉందో లేదో ప్రామాణిక పరికరంతో పోల్చి చూడటం, రెండింటికీ తప్పదు.

శ్రమ: థర్మామీటరును మనిషి చూసి రిజిస్టరులో రాయాలి. లాగరు తానే నమోదు చేసుకుంటుంది.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. 4 గంటలకోసారి రాసే చోట, రాత్రి 2 గంటలకు కరెంటు పోయి ఏసీ ఆగితే, 6 గంటలకు చూసేసరికి గది మళ్లీ చల్లబడి ఉండవచ్చు. మధ్యలో జరిగింది ఎవరికీ తెలియదు. పైగా 22, 22, 22 అని ఒకే పెన్నుతో, ఒకే వాలుతో నిండిన పేజీని చూస్తే నాకు భయం వేస్తుంది. అది చూసి రాసింది కాదు, ఒక్కసారే కూర్చుని నింపింది. లాగరు అలా అబద్ధం రాయదు. కానీ దాని సెన్సరును ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెడితే అదీ తప్పే చెబుతుంది. ప్లేట్‌లెట్ల అర పక్కనే ఉండాలి. అలారం మోగినప్పుడు ఫోను ఎత్తే మనిషీ ఉండాలి.

ఒక పూట జరిగే రక్తదాన శిబిరంలో దాతలు పడుకునే హాలుకు థర్మామీటరు చాలు. ప్లేట్‌లెట్లు రాత్రంతా ఉండే గదికి మాత్రం అలారం ఉన్న లాగరే కొనండి, థర్మామీటరును సరిచూసుకోవడానికి పక్కన ఉంచండి.