సర్వర్ పెట్టించుకునే అన్నలూ, డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

రెండు రాత్రులుగా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి. మన పర్లాకిమిడిలో ఆఫీసులకి సర్వర్లు పెట్టే ఆ మహానుభావుడెవరో చెప్పక్కర్లేదు, మాకూ ఆయనే పెట్టాడు, ఏడాది కాంట్రాక్టు డబ్బులు కూడా ముందే పట్టుకెళ్ళాడు. సోమవారం పొద్దున్న చూస్తే షేర్ ఫోల్డర్లో ఒక్క ఫైలు తెరుచుకోదు, టాలీ డేటా, ధాన్యం లెక్కలు, జీతాల షీట్లు అన్నిటికీ పేరు చివర ఏదో వింత తోక, ప్రతి ఫోల్డర్లోనూ డబ్బు కట్టమని చీటీ. రాన్సమ్‌వేర్ అట, ఫైళ్ళకి తాళమేసి డబ్బడిగే వైరస్. బ్యాకప్ లేదా అంటారా, ఉంది, ఆ డిస్కుని రాత్రింబగళ్ళు అదే సర్వర్‌కి గుచ్చి ఉంచాడు, అదీ దాంతోపాటే పోయింది.

విశాఖ నుంచి మా మేనల్లుడొచ్చి చూసి తల పట్టుకున్నాడు. షేర్‌కి ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్, అంటే ఎవరైనా ఏదైనా చేసుకోవచ్చు, పైగా పాస్‌వర్డు లేకుండా లోపలికొచ్చే గెస్ట్ ఆన్. పాత స్కానర్ కోసమని ఎస్ఎంబీ 1 (ఫైళ్ళు పంచుకునే పాతకాలపు పద్ధతి) ఆన్ చేసి వదిలేశాడు, 2017 మేలో వానాక్రై అనే ఇలాంటి వైరసే పాకింది దాంట్లోని కన్నంలోంచేనట, ఆ కన్నం పూడ్చే ప్యాచ్ ఆ మార్చిలోనే వచ్చింది, మా సర్వర్‌కి ఇవాళ్టికీ లేదు. విండోస్ సర్వర్ 2012 ఆర్2 అది, మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో సపోర్ట్ ఆపేసింది, నాకు ఆ తర్వాతే 'లేటెస్ట్' అని అంటగట్టాడు. అన్నిటికన్నా ఘనకార్యం, ఇంటి నుంచి ఫైళ్ళు చూసుకోవాలి అన్నందుకు రౌటర్లో 445 పోర్టు, అంటే షేర్ ఫైళ్ళు వచ్చిపోయే తలుపు, ఇంటర్నెట్‌కి బార్లా తెరిచేశాడు.

షాపుకెళ్తే టీ తాగుతున్నాడు, కూర్చోమని కూడా అనలేదు. "సర్వర్ ఆన్ అవుతోంది కదా సార్, మీ ఫైళ్ళతో నాకేటి సంబంధం" అన్నాడు. మా గుమస్తా ముందే "పాస్‌వర్డులు వద్దన్నది మీరే కదా" అని నవ్వాడు చూడండి, ఆ నవ్వు ఇంకా కళ్ళముందే ఉంది. ఏమాటకామాటే, అన్నాను, రోజూ పాస్‌వర్డు కొట్టలేమని స్టాఫ్ గోల పెడితే తీసెయ్యమన్నాను, బుద్ధి లేక. కానీ ధాన్యం కొనుక్కునేవాణ్ణి, నాకు పోర్టంటే గోపాల్‌పూర్ పోర్టే తెలుసు, కుదరదు అని చెప్పాల్సింది నువ్వు కదయ్యా! దానికి ఆయన జవాబేటంటే, "ఫార్మాట్ కొట్టి కొత్తగా ఇస్తాను, ఎనిమిది వేలవుద్ది".

ఆయన దగ్గర పెట్టించుకున్నవాళ్ళుంటే ఇవాళే 445 బయటికి మూయించండి, ఇంటి నుంచి కావాలంటే వీపీఎన్ (బయటివాళ్ళు దూరలేని సొంత దారి) పెట్టించుకోండి, ఎస్ఎంబీ 1, గెస్ట్ తీయించి మనిషికో లాగిన్, ఎవరి ఫోల్డరు వాళ్ళకే. బ్యాకప్ డిస్కు కాపీ అవగానే పీకి బీరువాలో పడెయ్యండి. నేను పాతపట్నం బయల్దేరుతున్నా, అక్కడ ఆడిటర్ దగ్గర పాత ప్రింట్లేమైనా మిగిలాయేమో.