థర్మల్ బూడిద: చెరువులో కలపాలా, గనిలో నింపాలా, లైనర్ మీద పేర్చాలా?

వెయ్యి మెగావాట్ల థర్మల్ కేంద్రం నిండుగా నడిస్తే రోజుకు సుమారు 14 వేల టన్నుల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కాబట్టి ఇంచుమించు 5 వేల టన్నులు మిగులుతుంది. ఇది ఒక్క రోజు లెక్క. ఇబ్రహీంపట్నం, రామగుండం, పరవాడ, కొత్తగూడెం చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి వీస్తే ఆరేసిన బట్టల మీదే కనిపిస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఫ్లైయాష్‌ను, అంటే పొగతో పాటు ఎగిరే ఈ సన్నటి బూడిదను, ఆ జాబితా నుంచి తప్పించాయి. పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ అన్న వర్గంలో పెట్టాయి. అంతమాత్రాన దాన్ని ఎక్కడ పోసినా ఫర్వాలేదని కాదు. బొగ్గులో ఉన్న ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్, క్రోమియం లాంటివి బూడిదలో పోగుపడతాయి. నీళ్లు తగిలితే కొద్దికొద్దిగా కరిగి దిగుతాయి. అందుకే బూడిద ఎంత ఉందన్నదానికంటే, అది నీటితో ఎంతకాలం కలిసి ఉంటుందన్నదే నేను ముందు చూస్తాను.

అసలు పూడ్చే అవసరమే రాకపోతే అంతకన్నా మంచిది లేదు. బాయిలర్ పొగలోంచి పొడిగా పట్టిన సన్నటి బూడిదను మూసిన ట్యాంకరు లారీల్లో (బల్కర్లలో) సిమెంటు ఫ్యాక్టరీలు తీసుకుపోతాయి. బూడిద కలిపి చేసే పీపీసీ రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా అదే ఉంటుంది. ఇటుకలకు వాడితే పొలాల మీది మట్టి మిగులుతుంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ బూడిద మొత్తాన్నీ వాడాల్సిందేనంటోంది, వాడకపోతే టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కట్టమంటోంది. ఈ బూడిదకు గిరాకీ కూడా ఉంది. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం (ఆర్టీపీపీ) బూడిద రవాణా ఎవరిదన్న దాని మీద 2024లో కడప, అనంతపురం నాయకులు రోడ్డెక్కి గొడవపడ్డారు. కానీ వానాకాలంలో నిర్మాణాలు తగ్గుతాయి, బాయిలర్ అడుగున పడే బరక బూడిద అన్నింటికీ పనికిరాదు, ఏళ్ల తరబడి చెరువుల్లో పేరుకున్నది ఉండనే ఉంది. మిగిలిన ఆ బూడిద సంగతే ఇక్కడ మాట్లాడేది.

యాష్ పాండ్. బూడిదలో నీళ్లు కలిపి పైపుల్లో చెరువుకు పంపడం చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. కట్టడం సులువు, నడపడం చవక. నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా నచ్చని దారి. పైన ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి, ఆ బరువుకు ఊట కిందికి దిగుతూనే ఉంటుంది. పాత చెరువుల్లో చాలావాటికి అడుగున నీరు ఇంకకుండా పరిచే లైనర్ లేదు. చెరువు నిండుతుంటే కట్టను అంచెలంచెలుగా పెంచుతారు, చాలాచోట్ల అందులోని బూడిద మీదే. కట్ట తెగితే వచ్చేది బురద వరద. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబరు 22న కట్ట తెగి 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా బూడిద నదిలోకి, ఇళ్ల మీదికి వచ్చింది. మన దేశంలోనే, మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ దగ్గర సాసన్ కేంద్రంలో 2020 ఏప్రిల్ 10న కట్ట తెగి ఆరుగురు కొట్టుకుపోయి చనిపోయారు.

పాత గని గుంత. వినడానికి బాగుంటుంది: బొగ్గు తీసిన చోటే బూడిద నింపేస్తే కొత్త భూమి అక్కర్లేదు, గుంతా పూడుతుంది. నోటిఫికేషన్ కూడా దీన్ని అనుమతించిన వాడకాల్లో చేర్చింది. చిక్కల్లా నీటితోనే. గని నడిచినంత కాలం మోటార్లతో నీళ్లు తోడుతుంటారు. తవ్వకం ఆగి మోటార్లు ఆపగానే భూగర్భ జలం మళ్లీ పైకి లేస్తుంది, బూడిద అందులో నానుతుంది. అడుగున పగుళ్లున్న రాయి, మధ్యలో లైనర్ లేదు. గుంత అడుగు భూగర్భ జల మట్టానికి పైన ఉంటేనో, భూగర్భ గనుల్లో ఖాళీలు పూడ్చే ఇసుకకు బదులు బరక బూడిద వాడి గోదావరి ఇసుక మిగిల్చేట్టయితేనో సరే అంటాను. పైనుంచి తవ్విన లోతైన ఓపెన్‌కాస్ట్ గుంతకు మాత్రం ముందు నీటి సర్వే చూడాలి.

లైనర్ వేసిన ల్యాండ్‌ఫిల్. ఇందులో బూడిదను పొడిగానే తెచ్చి, దుమ్ము లేవకుండా తగినంత తడిపి, పొరలు పొరలుగా పరిచి రోలర్‌తో తొక్కిస్తారు. పట్టణ చెత్త ల్యాండ్‌ఫిల్‌కు 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో రాసిన కొలతలు బూడిదకూ కనీసంగా పెట్టుకోవాలని నా అభిప్రాయం: అడుగున 90 సెంటీమీటర్ల దిమ్మిస కొట్టిన బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, భూగర్భ జలం కనీసం 2 మీటర్ల కిందన. ఆ మట్టి పొరలోంచి నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించి జారకూడదు. ఏడాదికి లెక్కేస్తే సుమారు 3 సెంటీమీటర్లు. షీటు మీద కంకర పొర, చిల్లుల పైపులు ఉంటాయి. దిగిన వాననీరు వాటిలోంచి గుంటలోకి చేరుతుంది, అక్కడినుంచి తోడి శుద్ధి చేస్తారు. నిండిన భాగాన్ని మళ్లీ బంకమట్టితో మూసి, పైన మట్టి పోసి గడ్డి పెంచుతారు. నిలవ నీరు లేదు కాబట్టి కట్ట తెగి బురద ముంచెత్తే భయం బాగా తగ్గుతుంది. ఎత్తుగా పేర్చవచ్చు కాబట్టి భూమీ తక్కువ పడుతుంది.

దీనికి ఖర్చు ఎక్కువ, అది నిజమే. షీటు అతుకుల్లో ఒక్కటి సరిగ్గా అతక్కపోయినా పెట్టిన డబ్బంతా మట్టిపాలు. ఎండాకాలంలో నీళ్లు చల్లకపోతే, మట్టి కప్పకపోతే చెరువు కంటే ఎక్కువ దుమ్ము రేగుతుంది. మూసేశాక కూడా ఏళ్ల తరబడి కాపలా కాయాలి. అయినా చెరువు ఖర్చు తక్కువగా కనిపించేది పక్క ఊరి బోర్లు పాడవడాన్ని ఎవరూ లెక్కలో రాయరు కాబట్టే.

కాబట్టి నా వరుస ఇది: ముందు సిమెంటు, ఇటుక, రోడ్లు. మిగిలినదానికి లైనర్ వేసిన పొడి ల్యాండ్‌ఫిల్. నీటి సర్వే అనుకూలంగా ఉన్న చోట గని. కొత్త యాష్ పాండ్‌కు ఒప్పుకోవద్దు, ఉన్నవాటిలో బూడిద తీసి వాడకానికి పంపాలి.

మీ ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే మూడు కాగితాలు అడగండి: వానాకాలం చివర కొలిచిన భూగర్భ జల మట్టం, షీటు అతుకుల పరీక్ష రిపోర్టు, స్థలానికి ఎగువనా దిగువనా ఉన్న పరిశీలన బోర్ల నీటి ఫలితాలు. బూడిద పోయడం మొదలుకాకముందు తీసిన ఫలితాలు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే తర్వాత బోరు నీళ్లు పాడైనప్పుడు, ముందునుంచీ అలాగే ఉన్నాయని కంపెనీ అంటే జవాబు చెప్పడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.